నా టూర్ డైరీ నా మీదే సాక్ష్యం చెప్పింది

నాకు తెలుగు బాగా వచ్చు. సాక్షి బోనులో నా పరువు తీసింది ముందుగా అదే.

మాది తెనాలి. ఆ ఊళ్ళో పుట్టినవాడికి సాహిత్యం మీద పుట్టుహక్కు ఉంటుందని మాలో చాలామందికి భ్రమ. కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన ఊరు, చక్రపాణి ఊరు, ఆంధ్రా ప్యారిస్ అని పేరు పడ్డ ఊరు. నేను మాత్రం ఎందుకు తగ్గాలి? రెవెన్యూ శాఖలో చేరాక కథలు రాసే తీరిక పోయింది గానీ రాయాలన్న దురద పోలేదు. ఆ దురదంతా రిపోర్టుల మీద తీర్చుకున్నాను. పంటనష్టం నివేదికలో ‘రైతన్నల ఆశలు నీటిపాలయ్యాయి’ అని రాశాను. కాలువకి గండి పడితే ‘గంగమ్మ ఉగ్రరూపం దాల్చింది’ అని రాశాను. మా తహసీల్దారు గారొకరు దాని కింద ఎర్రసిరాతో గీత గీసి, పక్కన ‘ఎన్ని ఎకరాలు?’ అని రాసి తిప్పి పంపారు. ఆయనకి రసజ్ఞత లేదని స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకు తిరిగాను. మా ఊరివాడని నేను గొప్ప చెప్పుకునే కుటుంబరావు గారు విశేషణం వాడటంలో ఎంత పిసినారో అప్పటికి నేను గమనించనే లేదు. ఆయన పుస్తకాలు నా బీరువాలో ఉండేవి. బీరువాలో ఉంటే సరిపోతుందనుకున్నాను.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఉద్యోగంలో ఎక్కడా రాసి లేని ఓ పని ఉంటుంది. పోలీసులు సోదా చేసినా, ముద్దాయి ఏదైనా వస్తువు చూపిస్తానని దారితీసినా, పక్కన పెద్దమనుషులు ఉండాలి. వాళ్ళే మధ్యవర్తులు. ఊళ్ళోవాళ్ళు ఎవరికి వాళ్ళు తప్పుకుంటారు. ఎందుకంటే రేపు పొద్దున్న గట్టు మీద ముద్దాయి మొహమూ చూడాలి, బాధితుడి మొహమూ చూడాలి. చివరికి ‘ఆర్ఐ గారూ, ఒక్కసారి వచ్చి పోండి’ అని ఫోను వస్తుంది. వెళతాం, చూస్తాం, మధ్యవర్తుల రిపోర్టు మీద సంతకం పెడతాం. నాలుగైదేళ్ళకి సమన్లొస్తాయి. అప్పటికి ఏ కొడవలో, ఏ పొదో, ఏ ఊరో మనకి గుర్తుండదు. కాగితానికి గుర్తుండాలి.

నేను వెళితే సంతకంతో ఆగేవాణ్ణి కాదు. ‘రాసేది నేను రాస్తానండీ, నా దస్తూరీ బాగుంటుంది’ అనేవాణ్ణి. వద్దనేవాడెవడు?

ఇక టూర్ డైరీ. నెలంతా ఏ రోజు ఏ ఊరు వెళ్ళాం, ఏం చేశాం, రాత్రి బస ఎక్కడ అని రాసి పై అధికారికి పంపాలి. టీఏ బిల్లుకి అదే ఆధారం. దాన్ని ఏ రోజుకారోజు రాసుకునేవాళ్ళూ ఉంటారు, నేను వాళ్ళని చాదస్తులనుకునేవాణ్ణి. నెలాఖరున ఓ ఆదివారం కాఫీ పెట్టించుకుని కూర్చుంటే నెల మొత్తం ఒక్క బిగిన వచ్చేసేది. గుర్తున్న రోజు గుర్తున్నట్టు, గుర్తులేని రోజు ఉండాల్సినట్టు.

2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ గుంటూరు జిల్లాలోవే, మూడూ తెనాలి రెవెన్యూ డివిజన్ కిందవే. బాపట్ల జిల్లా 2022 ఏప్రిల్ 4న వచ్చింది. మమ్మల్ని కొందరిని తుపాను డ్యూటీకి రేపల్లె వైపు వేశారు. బియ్యం, కిరసనాయిలు, పడిపోయిన ఇళ్ళ జాబితాలు, అర్ధరాత్రి టెలికాన్ఫరెన్సులు. నా కాపురం బాపట్లలో. రైల్లో రావాలంటే రేపల్లె నుంచి తెనాలి దాకా వెనక్కొచ్చి మళ్ళీ బాపట్ల బండెక్కాలి. నేను ఓ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఇంటికొచ్చేశాను. ఉతికిన చొక్కా, ఇంటి అన్నం, ఫ్యాను కింద నిద్ర. తెల్లారి వెళ్ళిపోదామనుకున్నాను. తెల్లారి ఎస్సై గారి ఫోను.

సముద్రం వైపు ఓ ఊరు. రొయ్యల చెరువు గట్టు తగాదాలో ఒకణ్ణి కొడవలితో నరికారు. మనిషి బతికాడు, చెయ్యి దక్కలేదు. పట్టుబడినవాడు కొడవలి దాచిన చోటు చూపిస్తానన్నాడట. నేనూ, ఇంకో పెద్దమనిషీ వెళ్ళాం. అతను ముందు నడిచాడు, మేం వెనక నడిచాం. ఇసకదిబ్బ పక్కన మొగలిపొద దగ్గర ఆగాడు, వంగి చెయ్యి పెట్టాడు, కొడవలి తీశాడు. టైము పదకొండున్నర. ఇదంతా నా కళ్ళతో చూశాను. నా జీవితంలో నేను ఇంత స్పష్టంగా చూసినవి చాలా తక్కువ.

అక్కడే చెట్టు కింద కూర్చుని రాశాను. చెమటకి కాగితం తడిసింది, రెండు కొట్టివేతలు పడ్డాయి. అలాంటి కాగితం నా పేరు మీద కోర్టుకి వెళ్ళడమా? ఇంటికి పట్టుకెళ్ళి తెల్లకాగితం మీద నల్లసిరాతో ఫెయిర్ చేశాను. ఫెయిర్ చేస్తుంటే వాక్యాలు చప్పగా కనబడ్డాయి. ‘ముద్దాయి పొదలో నుంచి కొడవలి తీసి ఇచ్చినాడు.’ ఇదేం వాక్యం? ‘ముద్దాయి భయంతో గజగజ వణుకుతూ పొద చాటున దాచిన కొడవలిని వెలికితీసి అప్పగించినాడు’ అని రాశాను. మర్నాడు రెండో మధ్యవర్తి చదవకుండానే సంతకం పెట్టాడు. పాత కాగితం చింపి పొయ్యిలో వేశాను. ఆ సాయంత్రం రేపల్లె వెళ్ళిపోయాను. నెలాఖరు ఆదివారం కాఫీ తాగుతూ, ఆ వారం మొత్తానికీ కలిపి ఒకే ముక్క రాశాను: ‘రేపల్లె మండలం, తుపాను సహాయ విధులు, రాత్రి బస రేపల్లె.’ పర్మిషన్ లేకుండా ఇంటికి పోయానని ఎలా రాస్తాను? పైగా బస రాస్తే దినభత్యం కూడా వస్తుంది.

కొన్నేళ్ళకి సమన్లొచ్చాయి. ఏ కోర్టో చెప్పను, తప్పు కోర్టుది కాదు కాబట్టి. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. ప్రభుత్వం తరఫు ప్లీడరు, అదే పీపీ గారు, వరండాలో చెప్పారు: ‘అడిగిందానికే చెప్పండి, అడగనిది చెప్పకండి.’ తల ఊపాను. చీఫ్, అంటే పీపీ గారు అడిగే వంతు, ఐదు నిమిషాల్లో సాఫీగా అయిపోయింది. డిఫెన్స్ ప్లీడరు గారు లేచారు. నెమ్మదస్తుడు, పెద్దవాడు.

“ఆర్ఐ గారూ, ఈ రిపోర్టు రాసింది తమరేనా?”

“నేనేనండీ.”

“దస్తూరీ ముత్యాల్లా ఉందండీ.”

“చిన్నప్పట్నుంచీ అంతేనండీ,” అన్నాను. పీపీ గారు కళ్ళు మూసుకున్నారు.

“ముద్దాయి భయంతో గజగజ వణుకుతూ కొడవలి తీసి ఇచ్చాడని రాశారు. ఎవరంటే భయం?”

“అంటే... భయపడ్డాడండీ.”

“అక్కడ పోలీసులు ఎంతమంది?”

“నలుగురైదుగురు ఉంటారండీ.”

“కొట్టారా?”

“లేదండీ. అసలు చెయ్యే వెయ్యలేదు.”

“చెయ్యి వెయ్యకుండానే అంత వణికాడా?”

నా నోట మాట లేదు. అప్పుడు, ఆ బోనులో, ఆ రోజు నిజంగా చూసింది కళ్ళ ముందుకొచ్చింది. అతను వణకలేదు. మొగలాకు అంచులకి ముళ్ళుంటాయి. చెయ్యి పెట్టగానే గుచ్చుకుని వెనక్కి తీసుకున్నాడు, విదిలించుకున్నాడు, మళ్ళీ పెట్టాడు. నేను చూసింది ముల్లు గుచ్చుకున్న చెయ్యి. నేను రాసింది భయం. ముల్లుని రాసి ఉంటే ఆ ఒక్క ముక్కే నేను అక్కడ ఉన్నానని చెప్పేది. ఎందుకంటే ఇంట్లో కూర్చుని కల్పించేవాడికి ముల్లు తోచదు, గజగజ మాత్రమే తోస్తుంది. ఆ గజగజే ఇప్పుడు పోలీసులు బెదిరించి చేయించారనడానికి ముద్దాయి చేతికి నేనిచ్చిన ఆయుధమైంది.

“ఇది ఎక్కడ కూర్చుని రాశారు?”

“చెట్టు కిందేనండీ. ఫెయిర్ మాత్రం ఇంటి దగ్గర చేశాను,” అన్నాను. శ్రద్ధకి మెచ్చుకుంటారన్న ఆశ అప్పటికీ చావలేదు.

“రఫ్ కాపీ ఏదండీ?”

“చింపేశానండీ.”

అప్పటిదాకా తలవంచుకుని డిక్టేట్ చేస్తున్న జడ్జి గారు తలెత్తి నా వైపు చూశారు.

ప్లీడరు గారు ఫైల్లోంచి ఇంకో కాగితం తీశారు. సమాచార హక్కు చట్టం కింద తెచ్చుకున్న నకలు. “ఈ సంతకం తమరిదేనా?” నాదే. నా టూర్ డైరీ. నా ముత్యాల దస్తూరీలోనే ఉంది.

“ఈ డైరీ ప్రకారం ఆ తేదీన తమరు రేపల్లెలో ఉన్నారు, రాత్రి అక్కడే పడుకున్నారు. ఈ రిపోర్టు ప్రకారం అదే రోజు పదకొండున్నరకి బాపట్ల సముద్రపొడ్డున ఉన్నారు. రెంటిలో ఏది అబద్ధమండీ?”

“డైరీ అబద్ధమండీ,” అన్నాను. నిజం చెబితే గండం గడుస్తుందనుకున్నాను.

“అంటే తమరు ప్రభుత్వానికి అబద్ధం రాసి భత్యం తీసుకుంటారు. కోర్టుకి మాత్రం నిజం చెబుతారు. అంతేనా?”

చివర్లో అలవాటు ప్రకారం సజెషన్లు, అంటే తమ వాదననే ప్రశ్నలుగా, వేశారు. ఒక్కోదానికీ నా జవాబు వాంగ్మూలంలోకెక్కింది. ‘నేను ఆ దినమున ఆ స్థలమునకు పోలేదనుట నిజము కాదు.’ నేను రాసిన, రాయించిన వాక్యాలన్నిటిలో ఏ అలంకారమూ లేనిది అదే, నూటికి నూరుపాళ్ళు నిజమూ అదే. ఆ గదిలో ఒక్కరూ నమ్మలేదు.

కొడవలి స్వాధీనం నమ్మదగ్గది కాదన్నారు. దాడిని చీకట్లో చూసినవాళ్ళ మాట ఒక్కటే మిగిలింది, అది చాల్లేదు. బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద కేసు కొట్టేశారు. అతనే నరికాడో లేదో నాకు తెలీదు, ఆ మాట నేను చెప్పకూడదు కూడా. కొడవలి ఎక్కడుందో అతనికి తెలుసు, అది నేను చూశాను. నేను ప్రపంచానికి చెప్పాల్సిందల్లా అంతే. అదే చెప్పలేకపోయాను.

బయట వరండాలో దెబ్బతిన్నవాడి తల్లి కనబడింది. తిట్టలేదు. “నువ్వొచ్చావు గదయ్యా ఆ రోజు. మా వాకిట్లో ఆగి చెంబుడు మంచినీళ్ళు తాగావు గదా. అది రాయలేదా?” అంది. రాయలేదు. నీళ్ళు తాగడం రిపోర్టులో రాసే విషయమా అనుకున్న పండితుణ్ణి నేను.

అప్పుడు చట్టం చదివాను, రోగం ముదిరాక వైద్య గ్రంథం తిరగేసినట్టు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 159వ సెక్షను ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో దాని నంబరు 162. సాక్షి తాను అప్పటికప్పుడు గానీ, జ్ఞాపకం పచ్చిగా ఉండగానే గానీ రాసుకున్న కాగితం చూసి గుర్తు తెచ్చుకోవచ్చు. చూసి చెబితే ఆ కాగితం చూపించమని అడిగే హక్కు ఎదుటి పక్షానికి ఉంటుంది. చట్టం అడుగుతున్నది ‘బాగా రాశావా’ అని కాదు, ‘ఎప్పుడు రాశావు’ అని. చెమటతో తడిసి, కొట్టివేతలు పడ్డ కాగితమే ఆ ప్రశ్నకి సమాధానం. దాన్ని నేను పొయ్యిలో పెట్టాను.

ముద్దాయి చూపించిన వస్తువు గురించి ఆ పాత చట్టంలో ఉన్న 27వ సెక్షను మీద దేశమంతా లా కాలేజీల్లో చెప్పే తీర్పు మా గుంటూరు కేసుదేనని కూడా అప్పుడే తెలిసింది. పులుకూరి కోటయ్య కేసు. గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై, మద్రాసు హైకోర్టు మీదుగా లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1946 చివర్లో సర్ జాన్ బోమంట్ తీర్పు రాశారు. అందులో సారం ఇది: బయటపడ్డ సంగతి అంటే కత్తి ఒక్కటే కాదు, అది ఏ చోటు నుంచి వచ్చింది, ఆ చోటు అతనికి తెలుసు అన్నవీ కలిపి. అంటే మధ్యవర్తి రాయాల్సింది చోటు గురించి, తీసిన తీరు గురించి. నేను ఆ రెండూ వదిలి కొడవలి చుట్టూ కవిత్వం అల్లాను. ఆ కేసులోనే ఇంకో తగువు కూడా ఉంది. పోలీసు నోటుబుక్కులో రాసుకున్న సాక్షుల మాటలు ముద్దాయిలకి అందాల్సిన వేళకి అందలేదు. గుంటూరు జిల్లాలో ఎవరో జేబులో పెట్టుకున్న నోటుబుక్కు గురించి లండన్‌లో వాదించుకున్నారు. నేనేమో నా టూర్ డైరీ మా ఆఫీసు బీరువా దాటదనుకున్నాను.

మా వైపుదే ఇంకో కేసుంది. తెనాలి నుంచి బాపట్ల బండెక్కితే దారిలో చుండూరు వస్తుంది. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితుల్ని చంపారు. విచారణకి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది, తరవాత వ్యవహారం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆ తీర్పుల మీద మాట్లాడే అర్హత నాకు లేదు. కానీ హైకోర్టులో ఆ కేసు ఆగిన ప్రశ్నలు చూడండి: చావు ఏ వేళప్పుడు, దాడి ఎక్కడ, చేసినవాళ్ళు ఎవరు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు. పదహారేళ్ళు ఎదురుచూసిన కుటుంబాల మాట కూడా చివరికి ఈ మూడింటి దగ్గరే తూగాలి. వేళా, చోటూ, మనిషీ రాయాల్సిన చోట నాలాంటివాడు గజగజ అని రాస్తే దాని ఖరీదు ఎవరు కడతారో ఆ స్టేషన్ దాటినప్పుడల్లా ఆలోచన వస్తుంది. అంతకుముందు వందసార్లు దాటి ఉంటాను, పత్రిక చదువుకుంటూ.

సిగ్గుచేటేమిటంటే ఈ చదువంతా మా తెనాలి కిరాణా కొట్లో గుమస్తాకి వచ్చు. అతను ఏ రోజు బేరం ఆ రోజు చిట్టాలో రాస్తాడు. తీరిగ్గా ఆవర్జాలో ఎక్కిస్తాడు. ఆవర్జా అందంగా ఉంటుంది, చిట్టా గజిబిజిగా ఉంటుంది. తగువొస్తే వెనక చిట్టా లేని ఆవర్జాకి బలం తక్కువ. మా తాతలనాటి కరణాలకీ ఈ సంగతి తెలుసు. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది గానీ వాళ్ళు రాసిన అడంగళ్ళు, అంటే పంట లెక్కల పుస్తకాలు, ఇప్పటికీ సివిల్ దావాల్లో నోరు విప్పుతూనే ఉన్నాయి. వాటిలో ‘వరి’ అని ఉంటుంది, ‘పచ్చని పైరు’ అని ఉండదు.

తరవాత మారానా అంటే, బలవంతాన మారాను. జేబులో చిన్న నోటుబుక్కు. ముందు టైము, తరవాత చోటు, తరవాత ఎవరెవరున్నారు. చూసింది చూసినట్టు. విన్నది ఎవరి నోట విన్నానో వాళ్ళ మాటల్లోనే. నేను అనుకున్నది వేరే పేజీలో. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన పొడి సంతకం, కింద ఏముందో కనబడేలా. తెల్లరంగు పూయడం లేదు, పేజీ చింపడం లేదు, మధ్యలో ఖాళీ వదలడం లేదు. మంచినీళ్ళు తాగితే ఎవరింట్లో తాగానో కూడా రాశాను. కుర్రాళ్ళు నవ్వారు. దురద మాత్రం పోలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మళ్ళీ బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు, పడిపోయిన వరి చూసి ‘నేలతల్లి ఒడిలో’ అని చెయ్యి దానంతటదే మొదలెట్టింది. కొట్టేశాను, ఒక్క గీతతో. పక్కన ఎకరాలు రాశాను, మడిలో నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయని రాశాను.

ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజరు చట్టం సోదాలకీ స్వాధీనాలకీ వీడియో తియ్యమంటోంది. ఇక మీ చాదస్తంతో పనిలేదు సార్ అంటున్నారు కుర్రాళ్ళు. సంతోషమే. కెమెరా ఉంటే ఆ ముల్లు పట్టుకునేది. కానీ బోనెక్కి ‘ఇది నేను చూశాను’ అని చెప్పాల్సింది మనిషే. ఆ మనిషి అదే రోజు ఇంకో కాగితంలో ఇంకో ఊళ్ళో నిద్రపోతే ఏ వీడియో కాపాడుతుంది? ప్లీడరు గారు నా సాక్ష్యాన్ని మరో సాక్షితో కొట్టలేదు, నాతోనే కొట్టారు. ఆఫీసు కాగితం వేరు, కోర్టు కాగితం వేరు అనుకోవడమే నా అసలు మూర్ఖత్వం. ‘ఇది ఎవరు చదువుతార్లే’ అనుకుని రాసిందే ఎదుటి ప్లీడరు ముందు చదువుతాడు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. నిజం రాసిన రిపోర్టుల మీద ఆడిట్ వాళ్ళు ఎన్నో అభ్యంతరాలు పెట్టారు. కిలోమీటర్లు ఎక్కువేశావన్నారు, వోచరు లేదన్నారు. రేపల్లెలో పడుకున్నానని రాసిన ఆ నెల టీఏ బిల్లు మాత్రం ఒక్క ప్రశ్న లేకుండా పాసయింది. దాని మీద పచ్చసిరాతో ‘సరిచూడబడినది’ అని కూడా ఉంది.